బేటరీ మెట్ట మీద తెల్లకోక తల్లి

భక్తులు మెట్లు ఎక్కకముందే ఒక మాట. అమ్మవారికని ఎర్ర చీర, ఎర్ర జాకెట్టు ముక్క, ఎర్ర గాజులు తెచ్చినవారు వాటిని కింద చెప్పులు విడిచే చోట ఉన్న గదిలో ఇచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకోవలెను. పైకి తీసుకువెళ్లి పూజారమ్మతో వాదించి లాభం లేదు. ఆమెకు ఎనభై దాటాయి. ఇంతవరకు ఆమెతో వాదించి నెగ్గుకువచ్చినవారు లేరు.

దిబ్బలరేవు గ్రామానికి తూర్పున సముద్రంలోకి పొడుచుకువచ్చిన ఈ గుట్ట పేరు బేటరీ మెట్ట. టార్చిలైటులో వేసుకునే బేటరీతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఒడ్డును కాపాడటానికి ఫిరంగులు నిలిపిన చోటును దొరల కాలంలో అలా పిలిచేవారు. మెట్లు నూట పద్ధెనిమిది. పైన కుడిచేతివైపు నేలలోకి దిగి ఉన్న సిమెంటు గది పూర్వం మందుగుండు కొట్టు, ఇప్పుడు వంటశాల. ఎడమవైపు కప్పు ఊడిపోయిన చిన్న గది నుంచి సిపాయిలు దుర్భిణి పెట్టి సముద్రాన్ని చూసేవారు. ఈ రెంటికీ నడుమ, గుండ్రటి సిమెంటు గుంటలో, ఆకాశం కింద నిలిచి ఉన్నదే అమ్మవారి మూర్తి. అది పదమూడు అడుగుల ఇనుప ఫిరంగి. మూతి పైకి ఎత్తి ఉంటుంది. దాని మీద తడిపి పిండిన తెల్లకోక ఒకటి ఎప్పుడూ ఆరేసి ఉంటుంది.

ఫిరంగిని పట్టుకుని అమ్మవారంటారేమిటని చదువుకున్నవారు కొందరు నవ్వుతారు. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ముత్తయిదువలు తెల్లకోక ముట్టుకోవడమేమిటని ముక్కున వేలేసుకునేవారు ఇంకొందరు. వారికోసమే ఆలయ కమిటీవారు ఈ పుస్తకం రాయించారు. నలభై ఏళ్లు ఈ ఊరి బడిలో పాఠం చెప్పిన వాడిని గనుక ఆ పని నా నెత్తిన పడింది. పెద్దల నోట విన్నదాన్ని విన్నట్టే రాశాను. నాకు తెలియనిచోట తెలియదనే రాశాను.

పూర్వం ఇక్కడ రాయి తప్ప మరేమీ లేదు. మేకలు కూడా ఎక్కేవి కావు, ఎక్కితే తినడానికేముంది గనుక. రెండో ప్రపంచ యుద్ధంలో జపానువాడి విమానాలు తూర్పు తీరం మీద బాంబులు వేసి పోయిన వేసవిలో పట్నాలకు పట్నాలే ఖాళీ అయ్యాయి. దిబ్బలరేవువారు మాత్రం కదలలేదు. సముద్రం విడిచి ఏ చెట్టెక్కి కూర్చుంటామని అన్నారట. ఆ వానాకాలం ముగిసేలోగా దొరలు గుట్టకు దారి తొలిచి, సిమెంటు పోసి, రెండు ఫిరంగులను పైకి ఎక్కించారు. చుట్టూ ఇనుప కమ్మీలు పాతి ముళ్లకంచె లాగారు. పాతికమంది సిపాయిలు వచ్చి దిగారు. వారికి పెద్ద హవల్దారు మస్తాన్. గుంటూరు దిక్కు మనిషి, తెలుగువాడు, మాట మెత్తన. అతనిపైన ఒక దొర ఉండేవాడు గాని, ఆయన ఇక్కడ ఉండేవాడు కాదు. రెండు మైళ్ల అవతల బంగళాలో కూర్చుని ఫోనులో ఆజ్ఞలిచ్చేవాడు.

శత్రువు ఓడ ఒక్కటీ ఇటు తొంగిచూడలేదు. ఈ ఫిరంగులు యుద్ధంలో ఒక్క గుండు కూడా పేల్చలేదని చెప్పుకోవడానికి మాకు నామోషీ ఏమీ లేదు. అలవాటు తప్పిపోకుండా నెలకు ఒకటి రెండుసార్లు ఖాళీ సముద్రం మీదికి పేల్చి చూసుకునేవారు, అంతే. దానికొక కట్టుబాటు ఉండేది. పేల్చే ముందురోజు సాయంత్రం ఊళ్లో దండోరా వేయాలి. పేల్చే రోజు పొద్దున మెట్ట మీద ఎర్రజెండా ఎగరేయాలి. జెండా కనబడితే తెప్పలు ఒడ్డుకు వచ్చేయాలి. ఈ కట్టుబాటు ఏ మాత్రం తేడా రాకుండా కొంతకాలం నడిచింది.

ఇక పోలమ్మ సంగతి. కారి పోలమ్మ ఈ ఊరిలో చేపలు పట్టే వాడబలిజ ఇంటి ఆడపడుచు, ఈ ఊరి కోడలే కూడా. చిన్నతనంలోనే భర్తను సముద్రం తీసుకుపోయింది. ఒక్కడే కొడుకు, పేరు దానయ్య. కోడలు గున్నమ్మ. పోలమ్మకు అప్పటికి యాభై ఏళ్లుంటాయి. ఊరందరి వలలకూ తెరచాపలకూ రంగు పెట్టడం ఆమె పని. నైలాను ఎరగని రోజులవి. నూలు వల, నూలు చాప ఉప్పునీటికి చివికిపోకుండా ఏడాదికి రెండుసార్లు తుమ్మచెక్క కషాయంలో ఉడకబెట్టాలి. పెద్ద బాన కింద మంట పెట్టి, గెడకర్రతో తిప్పుతూ, చెక్క ఎంత వేయాలో నీళ్ల రంగు చూసి చెప్పేది. ఆమె చేయి పడిన చాప మూడేళ్లు చిరగదని పేరు. నోటి దురుసు మనిషే. చాప సరిగ్గా ఉతక్కుండా తెచ్చినవాడికి అటునుంచి అటే తిరుగుటపా. అయినా ఊళ్లో ఆమె మాటంటే గురి.

తుమ్మచెక్క పెట్టిన గుడ్డ ఆరిన తరువాత ఇటుకరంగులోకి దిగుతుంది. తడి మీద ఉన్నంతసేపు మాత్రం ఎర్రగా, జెండా గుడ్డకు తీసిపోనట్టు ఉంటుంది. ఈ సంగతి భక్తులు గుర్తుపెట్టుకోవలెను. ఈ క్షేత్రం కథంతా దీని మీదనే నిలిచి ఉంది.

మరుసటి ఏడు కార్తీకంలో తుపాను వచ్చి రేవు ఇసకను కోసుకుపోయింది. చాపలు ఆరబెట్టుకోవడానికి పోలమ్మకు చోటు లేకుండా పోయింది. మెట్ట వాలు మీద ముళ్లకంచె కమ్మీలు వరసగా, గాలి తగిలేచోట, ఆమెకోసమే పాతినట్టు ఉన్నాయి. ఆమె పైకి వెళ్లి హవల్దారును అడిగింది. అడగడంలో మొగమాటం లేదు, అడిగించుకున్నవాడికి కాదనే గుండె లేదు. ఆమె ఇచ్చే ఎండు నెత్తళ్లు రుచి మరిగిన మనిషి అతను. సర్కారు కంచె మీద చాపలా అని ఒకసారి అన్నాడట గాని, ఆ వారంలోనే మెట్ట ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్రబారింది. ఇద్దరిలో ఒక్కరికీ ఇది పొరపాటని తోచలేదు. తోచకపోవడానికి వారు తెలివితక్కువవారు కారు. ఒకరికి చాపలే లోకం, ఒకరికి జెండాయే లోకం. రెండూ ఒకే రంగని పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు.

మార్గశిర మాసంలో ఒకనాడు పొద్దున్నే దొర దగ్గరనుంచి ఫోను వచ్చింది. పట్నంనుంచి పెద్ద దొర తనిఖీకి వస్తున్నాడు, పదిగంటలకు రెండు ఫిరంగులూ పేల్చాలి. దండోరాకు వ్యవధి లేదు. మస్తాన్ జెండా ఎగరేయించాడు. తెప్పలు అప్పటికే తొలికోడి కూసేసరికి వెళ్లిపోయి ఉన్నాయి. మొత్తం పదిహేను తెప్పలు, నలభై ఇద్దరు మనుషులు. ఊళ్లో చేవ ఉన్న మగవాడు ఒక్కడూ ఒడ్డున లేడన్నమాట. సముద్రంలోకి పొడుచుకువచ్చిన మెట్ట ముక్కు అవతల మైలున్నర దూరంలో వల దించి, గాలికి కొట్టుకుపోకుండా చాపలు దింపుకుని కూర్చున్నారు. వారు తలెత్తి మెట్ట వైపు చూడలేదని కాదు. చూశారు. మెట్ట అంతా ఎర్రగా ఉంది. వారం రోజులుగా అలాగే ఉంది. పోలమ్మ చాపలనుకున్నారు, మళ్లీ వల మీదికి వంగారు.

పోలమ్మ ఆ పొద్దున మరో రెండు చాపలు భుజాన వేసుకుని, కోడలిని వెంటబెట్టుకుని మెట్ట ఎక్కింది. కొట్టులోనుంచి సిపాయిలు గుండ్లు మోసుకొస్తున్నారు. స్తంభం మీద జెండా ఎగురుతోంది. ఆమె జెండాను చూసింది, కంచెను చూసింది, సముద్రాన్ని చూసింది. భుజం మీది చాపలు అక్కడే జారిపోయాయి.

మస్తాన్ దుర్భిణి గదిలో ఉన్నాడు. సముద్రం ఖాళీగా ఉందని అప్పుడే ఫోనులో చెప్పి వచ్చాడు. తెల్లవారినప్పటినుంచి ఒక్క తెరచాప కూడా కనబడలేదనీ, జెండా చూసి అంతా వచ్చేసి ఉంటారనీ అతని లెక్క. ఆమె వేలుపెట్టి చూపించింది. చాప దింపిన తెప్ప నీటి మీద నాలుగు దుంగలే గదా, దాని మీద కూర్చున్న మనిషి తల చెంబంత. తీరంలో పుట్టినవారి కంటికి తప్ప అది మరొకరి కంటికి ఆనదు. చూపించిన తరువాత దుర్భిణిలో మస్తాన్‌కూ కనబడ్డాయి. ఒకటి, రెండు, ఏడు. 

అతను వెంటనే ఫోను చేశాడు. దొర తన బంగళా మేడ మీదనుంచి తన దుర్భిణితో చూసి, అక్కడేమీ లేదన్నాడు. పెద్ద దొర పక్కనే ఉన్నాడు, పదిగంటలంటే పదిగంటలే అన్నాడు. అప్పటికి గంట తొమ్మిది దాటి ఇరవై నిమిషాలు. పడవ వేసుకుని వెళ్లి చెబుదామంటే ఎదురుగాలికి ముక్కు చుట్టి వెళ్లడానికే గంట పడుతుంది. చాపలన్నీ విప్పుదామంటే పక్క రేవులవీ కలిపి ముప్పై నలభై ఉన్నాయి, విప్పినా ఆరిపోయాయి గాబోలు అనుకుంటారు. ఇప్పుడు ఎర్రది ఎంత ఊపినా ప్రయోజనం లేదు. ఎరుపుకు ఆ వారంలో విలువ పోయింది. గున్నమ్మ నేల మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. నీవల్లే, నీ చాపలవల్లే అని అత్తను అనరాని మాటలు అన్నది.  

ఇక్కడ ఈ రేవు ఆచారం ఒకటి చెప్పాలి. మగవారు సముద్రం మీద ఉండగా ఊళ్లో ఎవరైనా పోతే, పోయినవారి పేరు ముమ్మారు చెప్పి, రేవులో పాతిన గెడ మీద తెల్లగుడ్డ ఎత్తుతారు. అది కనబడితే ఎంత చేప పడుతున్నా, వల కోసేసుకుని అయినా సరే, ప్రతి తెప్పా వెంటనే తిరగాలి. పాడెకు గెడలు పడవవాడే తేవాలి. తిరగనివాడి చావుకు ఎవరూ రారు. ఇంకొక మాట కూడా ఉంది. ఎత్తిన గుడ్డ చావు చూడందే దిగదంటారు. అందువల్ల వేళాకోళానికి గాని, భయపడి గాని, పొరపాటున గాని ఆ గుడ్డ ఎత్తినవారు ఈ ఊళ్లో అంతకుముందు లేరు. ఒక బొంకు గుడ్డ ఎత్తితే ఊరిలోనుంచి ఒక ప్రాణాన్ని పిలిచి ఇచ్చినట్టే.

ఆ ఉదయం మెట్ట మీద తెల్లగుడ్డ ఒక్కటే ఉంది. అది పోలమ్మ కట్టుకున్న కోక.

రేవు గెడ మీద ఎత్తితే ముక్కు అడ్డం వచ్చి కనబడదు. జెండా స్తంభం మీద సర్కారు గుడ్డ తప్ప మరొకటి కట్టకూడదు. పోలమ్మ హవల్దారును ఒక్కటే అడిగింది, ఆ ఫిరంగి మూతి ఎంతవరకు లేస్తుందని. అతనికి అర్థమైంది. సిపాయిలను అటు తిరిగి నిలబడమన్నాడు. తన కంబళి తెచ్చి, చూపు పక్కకు తిప్పుకుని, ఆమె చేతికిచ్చాడు. ఆమె కంబళి చుట్టుకుని కోక విప్పి ఇచ్చింది. దాని కొంగును మొదటి ఫిరంగి మూతికి కట్టారు. మస్తాన్ తానే చక్రం పట్టి గబగబా తిప్పాడు. మూతి లేచింది, లేచింది, లోపల ఏదో ఫట్టుమన్నది, అక్కడే నిలిచిపోయింది. తొమ్మిది గజాల తెల్లకోక గాలికి విప్పుకుంది.

పేరు చెప్పాలి. చెప్పందే ఆ గుడ్డకు గుడ్డగా లెక్క లేదు. గున్నమ్మ అత్త నోటికి చేయి అడ్డం పెట్టబోయింది. ఎవరి పేరు చెబుతావు, ఎవరినీ చెప్పకు, గుడ్డ చూస్తేనే వస్తారు అని బతిమాలింది. పోలమ్మ ఆ చేయి తీసి పక్కన పెట్టి, సముద్రం వైపు తిరిగి, చాప ఉతకనివాడి మీద అరిచే గొంతుతోనే అన్నది.

"కారి పోలమ్మ పోనాది. కారి పోలమ్మ పోనాది. కారి పోలమ్మ పోనాది."

సముద్రం మీద మొదట తిరిగిన తెప్ప దానయ్యదే. మెట్ట మీద తెల్లగుడ్డ ఏమిటని ఎవరూ ఆగి ఆలోచించలేదు. తెల్లగుడ్డ తెల్లగుడ్డే. పదిహేను తెప్పలూ చాపలెత్తాయి, వలలు విడిచిపెట్టినవి విడిచిపెట్టాయి. ఒక్కొక్కటీ ముక్కు ఇవతలికి వచ్చి మెట్ట కిందికి చేరుతుంటే మస్తాన్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదిహేనోది నీడలోకి వచ్చినప్పుడు పది కావడానికి నాలుగు నిమిషాలుంది. పదిగంటలకు రెండో ఫిరంగి ఆజ్ఞ ప్రకారం పేలింది. ఆరు గుండ్లు. తెప్పలు కూర్చున్నచోట నీళ్లు తాటిచెట్టు ఎత్తు లేచి పడ్డాయి. ఒడ్డు మీద కాలు మోపిన నలభై ఇద్దరూ ముక్కు కొసకు పరుగెత్తి అది చూశారు.

మొదటి ఫిరంగి ఎందుకు పేలలేదని దొర అడిగాడు. చక్రం విరిగిందని మస్తాన్ చెప్పాడు. అది నిజమే. ఎందుకు విరిగిందో కూడా విచారణలో బయటపడింది. మస్తాన్ భుజం మీది పట్టీలు కోసేసి మామూలు సిపాయిని చేశారు. అతను దానికి ఎన్నడూ బాధపడలేదని ఊళ్లో చెబుతారు గాని, బాధపడే ఉంటాడని నా ఊహ. ఇల్లూ వాకిలీ విడిచి వచ్చి సంపాదించుకున్నది ఆ మూడు పట్టీలే గదా.

మగవారు ఆచారం ప్రకారం పాడె గెడలు భుజాన వేసుకుని మెట్ట ఎక్కారు. పోయినదెవరో మెట్ట కింద విన్న దానయ్య ముందు, ఏడుస్తూ. పైకి వచ్చి చూస్తే పోలమ్మ కంబళి చుట్టుకుని ఫిరంగి గుంట అంచున కూర్చుని ఉంది. దానయ్య గెడలు పారేసి తల్లి కాళ్ల మీద పడబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

కులపెద్ద సూరాడ కామయ్య జరిగినదంతా విన్నాడు. నలుగురూ సంతోషం పట్టలేక నవ్వుతుంటే ఆయన నవ్వలేదు. ఆయన కొడుకులు ఇద్దరూ ఆ తెప్పల మీద ఉన్నవారే.  చివరకు ఆయన అనబోయిన మాటను పోలమ్మే అన్నది. ఇవాళ ఇది బొంకని నవ్వుకుని ఇళ్లకు పోతే, రేపు గుడ్డ ఎత్తిననాడు చేప పడుతున్న వాడు ఒక్కడైనా తిరుగుతాడా, బొంకేమో చూద్దామని కూర్చోడా అని అడిగింది. 

"నాను పోనాను గదా," అన్నది పోలమ్మ. "పోయినోలు ఊల్లోకి రారు. నా కోక పాతిపెట్టి తానాలు సేసి ఇల్లకు పొండి."

సముద్రంలో శవం దొరకనివారికి చేసినట్టే చేశారు. తెల్లకోకను పాడె మీద పరిచి, ఊరి శ్మశానంలో పాతిపెట్టారు. దానయ్య తల గొరిగించుకున్నాడు. మూడోనాడూ పదకొండోనాడూ జరగవలసినవన్నీ జరిగాయి. పన్నెండోనాడు ఊరికి భోజనాలు కూడా పెట్టారు. పోలమ్మ పైనుంచి పొగ చూసి, కూర మాడుతోందని గొణిగిందట. ఇది సిపాయిలు చెప్పిన మాట.

ఆనాటినుంచి ఆమె మెట్ట దిగలేదు. మందుగుండు కొట్టు పక్కన సిపాయిలు ఒక రేకుల చావడి వేసి ఇచ్చారు. చనిపోయినవారితో మాట్లాడకూడదు గనుక ఊరివారెవరూ ఆమెతో మాట్లాడలేదు. చనిపోయినవారికి పిండం పెట్టడం మాత్రం తప్పు కాదు. గున్నమ్మ రోజూ ఉదయం అన్నమూ ఎండు నెత్తళ్ల కూరా ఆకులో పెట్టి, కంచె కమ్మీ దగ్గర ఉంచి, మాట్లాడకుండా తిరిగి వెళ్లేది. ఇప్పుడు మనం అమ్మవారికి పెడుతున్న నైవేద్యం అదే, పెట్టే చోటు ఆ కమ్మీయే. నైవేద్యం పెట్టేటప్పుడు మౌనంగా ఉండాలన్న నియమం అక్కడినుంచే వచ్చింది. సెల్‌ఫోనులో మాట్లాడుతూ పెట్టేవారికి ఈ సంగతి తెలియాలనే ఇంత వివరంగా రాశాను.

దానయ్య రోజూ సాయంత్రం వచ్చి, కంచెకు వీపు పెట్టి కూర్చుని వల బాగుచేసుకునేవాడు. సముద్రంతో మాట్లాడేవాడు. ఇవాళ వంజరం పడింది, గున్నమ్మకు నెల తప్పింది, కామయ్య మోకాలు వాచింది, ఇలా ఊరి కబుర్లన్నీ సముద్రానికి చెప్పేవాడు. వెనక కంచె అవతల కూర్చున్న మనిషి వినేది. మధ్యలో ఆమె దగ్గితే ఇతను కాసేపు ఆగేవాడు. తొమ్మిదేళ్లలో వారిద్దరి నడుమ నేరుగా ఒక్క మాట జరగలేదు. ఎదుట ఉన్న తల్లిని అమ్మా అని పిలవకుండా ఒక కొడుకు అన్నేళ్లు ఎలా ఉండగలిగాడో నాకు ఈనాటికీ అర్థం కాదు. ఆ కంచె దగ్గర ఎంత ఏడ్చాడో సముద్రానికే తెలియాలి.

మరుసటి ఏడు ఆడపిల్ల పుట్టింది. పోయిన నాయనమ్మ పేరు పెట్టడం మా దగ్గర రివాజు. పోలమ్మ అనే పెట్టారు. ఇప్పటి పూజారమ్మ ఆమే. తల్లి వెంట పిండం పెట్టడానికి వెళ్లి, నాలుగేళ్ల వయసులో ఒకనాడు నియమం మరిచి, నువ్వు చచ్చిపోయినావంట గదా అని అడిగేసిందట. అవునే, అన్నం ముద్ద మాత్రం ఇంకొంచెం పెద్దది పెట్టమను అని జవాబు వచ్చిందట. చనిపోయిన నాయనమ్మతో మాట్లాడినందుకు తనకు ఆ పూట తన్నులు పడ్డాయని ఆమె నవ్వుతూ నాతో చెప్పింది.

పోలమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. ఆ రోజు తరువాత సిపాయిలు ఆమె చూసి ఖాళీ అని తల ఊపితే తప్ప ఒక్క గుండూ పేల్చలేదు. దొరగారి దుర్భిణి కంటే చనిపోయిన మనిషి కన్ను నయమని మస్తాన్ అనేవాడట. రోజూ చీకటి విడిచే వేళకు ఆమె స్నానం చేసి, విడిచిన కోక ఉతికి, ఆ చక్రం విరిగిన ఫిరంగి మీద ఆరేసేది. ఎత్తుగా, గాలి తగిలేచోట, ఆరబెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. చాపలు ఆరేసిన చేయి గదా. మెట్ట మీద తెల్లగుడ్డ రోజూ కనబడుతుంటే మొదట్లో కొందరు జంకారు. కామయ్య తీర్పు చెప్పాడు. కొత్త చావుకు గుడ్డ రేవు గెడ మీద ఎత్తుతాం, మెట్ట మీదిది పాత చావు, దానికి మనం ఒకసారి వచ్చి వెళ్లాం, ఇంక తిరగనక్కరలేదు అన్నాడు.

యుద్ధం ముగిసింది. సిపాయిలు రెండో ఫిరంగిని విప్పి తీసుకుపోయారు. మొదటిది విరిగిన చక్రంతో బిగుసుకుపోయి ఊడిరాలేదు. అమ్మ మహిమ అని భక్తులు అంటారు, తుప్పు అని ఇంజనీర్లు అంటారు. రెండూ ఒకటి కావడానికి అడ్డేమీ లేదు. మస్తాన్ కంబళిని ఆమెకే వదిలి, కంచె దగ్గర నిలబడి సలాము చేసి వెళ్లిపోయాడు. తరువాత అతను ఏమయ్యాడో తెలియదు. మెట్ట మీద పోలమ్మ ఒక్కతే మిగిలింది. ఆరేసిన కోక మాత్రం ఒక్క పొద్దు తప్పలేదు.

ఇలా తొమ్మిదేళ్లు గడిచాక, మాఘ బహుళ పంచమి నాడు గున్నమ్మ ఆకు పట్టుకుని వెళ్లేసరికి కంచె అవతల అలికిడి లేదు. పోలమ్మ రేకుల చావడిలో, కంబళి కప్పుకుని, నిద్రలోనే పోయి ఉంది.

గున్నమ్మ రేవుకు పరుగెత్తి వచ్చి గుడ్డ ఎత్తమన్నది. మగవారంతా సముద్రం మీద ఉన్నారు, ఆ వారం చేప బాగా పడుతోంది. కామయ్య అప్పటికి తెప్ప ఎక్కలేని ముసలివాడు. ఒడ్డునే ఉన్నాడు. ఒక మనిషికి రెండుసార్లు గుడ్డ ఎత్తకూడదన్నాడు. ఎత్తి పేరు చెబితే మొదటిది బొంకని ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె తొమ్మిదేళ్లు దేనికోసం అక్కడ కూర్చుందో అది మనమే చెరిపేసినట్టవుతుంది. ఆయన ఈ మాట చెప్పి, తలపాగా విప్పి, కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ఆడవారు నలుగురు మెట్ట ఎక్కి శవం దగ్గర కూర్చున్నారు. గెడలు మోయడానికి మనిషి లేడు. సాయంత్రం దాకా ఇలాగే కూర్చోవాలనుకున్నారు.

పొద్దు రెండు జాములు కాకముందే తెప్పలు వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఉన్నవన్నీ వచ్చాయి. మనుషులు గెడలు భుజాన వేసుకుని మెట్ట ఎక్కుతున్నారు. ఎవరు పిలిచారని గున్నమ్మ విస్తుపోయి అడిగింది. ఎవరూ పిలవలేదు. తెల్లవారినప్పటినుంచి మెట్ట మీద కోక లేదన్నాడు దానయ్య. స్నానం ఆలస్యమైందేమో అనుకుని కాసేపు చూశాడట. ఇంకా లేదు. చాప ఎత్తి తిరిగాడు. తిరిగి చూస్తే, తనకంటే ముందే తిరిగినవారు నలుగురున్నారు. ప్రతివాడూ తను ఒక్కడే రోజూ ఆ గుడ్డకేసి చూసుకుంటున్నానని అనుకుంటూ వచ్చాడు, ఊరంతా చూస్తోందని ఆనాడు తెలిసింది. చావుకు గుడ్డ ఎత్తితే తిరగడం ఆచారం. ఆ రోజు వారు గుడ్డ కనబడక తిరిగారు.

దానయ్య తల్లి పక్కన కూర్చుని, తొమ్మిదేళ్ల తరువాత మొదటిసారి, అమ్మా అన్నాడు. కామయ్య ఆపలేదు.

చేయవలసిన కర్మ ఏమిటన్న ప్రశ్న వచ్చింది. కర్మంతా తొమ్మిదేళ్ల కిందటే పూర్తయింది, మళ్లీ చేయడానికి వీల్లేదు. పాడె ఎక్కించడానికి లేదు, శ్మశానానికి తీసుకుపోవడానికి లేదు, తల గొరిగించుకోవడానికి లేదు. ఇంక ఈమెకు మనం చేయగలిగింది పూజ ఒక్కటే మిగిలింది అన్నాడు కామయ్య. తెచ్చిన గెడలతో మెట్ట మీదనే పందిరి వేశారు. ఆ ఫిరంగి గుంటలోనే ఆమెను ఉంచి మన్ను కప్పి, ఉతికిన తెల్లకోక ఒకటి తెచ్చి ఫిరంగి మీద ఆరేశారు. క్షేత్రాల్లో అమ్మవారు కలలో కనబడి గుడి కట్టమని చెప్పడం లోకంలో ఉన్నదే. ఇక్కడ అమ్మ ఎవరి కలలోకీ రాలేదు. చెప్పవలసినది బతికుండగానే, ముమ్మారు, గట్టిగా చెప్పింది.

నేటికీ ప్రతిరోజూ చీకటి విడిచే వేళకు పూజారమ్మ తెల్లకోక తడిపి ఫిరంగి మీద ఆరేస్తుంది. ఇప్పుడు మా రేవులో ఇంజను బోట్లున్నాయి, నైలాను వలలున్నాయి. మెట్ట మీద తెల్లగా కనబడనిదే ఇంజను జోరు పెంచేవాడు మాత్రం ఈనాటికీ లేడు. దూరాభారం వెళ్లే తమవారు క్షేమంగా తిరిగి రావాలని కోరుకునేవారు, లారీ డ్రైవర్ల భార్యలు, ఓడ పనివారి తల్లులు, ఇక్కడికి వచ్చి తెల్లకోక సమర్పిస్తారు. ముత్తయిదువలు దానిని నిస్సంకోచంగా ముట్టుకోవచ్చును. ఈ మెట్ట మీద తెలుపు అంటే మనిషి ఉందని గుర్తు.

ఏడాదిలో ఒక్కనాడు, మాఘ బహుళ పంచమి నాడు, కోక ఆరేయరు. ఫిరంగి ఖాళీగా ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు ఆ రోజు గాబరా పడవద్దు, పూజారమ్మకు ఒంట్లో బాగులేదని అనుకోవద్దు. ఆ ఉదయం బోట్లన్నీ ఇంజను జోరు పెంచకుండానే వేటకు వెళతాయి. ఎవరూ పిలవరు, దండోరా ఉండదు, మైకు ఉండదు. మధ్యాహ్నం లోగా ఒక్కొక్కటే వెనక్కి తిరిగి, మెట్ట కిందికి వచ్చి ఆగుతాయి. మగవారు భుజాన గెడలతో మెట్లెక్కి వచ్చి కంచె కమ్మీ దగ్గర నిలబడతారు. పూజారమ్మ ఎదురు వచ్చి, తన నాయనమ్మ తరఫున, ఏటా అడిగే ప్రశ్నే అడుగుతుంది.

"ఎవులు పోయినారని వచ్చినార్రా?"

అందరిలోకీ పెద్దవాడు జవాబు చెబుతాడు.

"ఎవులూ పోనేదు తల్లీ. నువ్వు అవుపడక వచ్చినాం."